పాత్రను చదివిన నటుడు – స్థానం నరసింహారావు

పాఠ్యభాగ ఉద్దేశం

నటన అంటే రంగు పూసుకొని, వేషం కట్టి, కంఠస్థం చేసిన మాటలను వేదికపై అప్పగించడం కాదు. తాను ధరించే పాత్ర ఏ లోకానికి చెందినదో, ఆ లోకపు కథలు, ఆచారాలు, బంధుత్వాలు, మానావమానాలు ఎటువంటివో సమగ్రంగా తెలిసిన నటుడే ఆ పాత్రకు ప్రాణం పోయగలడు. ఈ సత్యాన్ని నాలుగు దశాబ్దాలకు పైగా తెలుగు నాటకరంగంపై నిరూపించిన మహానటుని జీవితాన్ని విద్యార్థులకు పరిచయం చేయడం, కల్పిత లోకాన్ని లోతుగా తెలుసుకోవడానికీ పాత్రపోషణకూ గల సంబంధాన్ని వివరించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

కృష్ణా డెల్టా పశ్చిమ భాగం నుంచి ఒంగోలు సీమ దాకా విస్తరించిన నేల ఒకప్పుడు పూర్తిగా గుంటూరు జిల్లాలోనే ఉండేది. ఒంగోలు, అద్దంకి, చీరాల ప్రాంతాలు 1970లో కొత్త జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకు 1972లో ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. కాలువల కింద వరి, మెట్టన పత్తి, మిరప, పొగాకు పండించే ఈ సీమ నాటకాన్ని కూడా ఒక పంట వలెనే శ్రద్ధగా పెంచి పోషించింది. పంట ఇంటికి చేరిన తరువాత, తిరునాళ్ళ సమయాల్లో, ఊరి నడుమ పందిరి కింద రాత్రి మొదలైన నాటకం తెల్లవారుజాము వరకు సాగేది. చుట్టుపక్కల గ్రామాల నుంచి రైతులు బండ్లు కట్టుకొని కుటుంబాలతో సహా వచ్చేవారు.

ఆ ప్రేక్షకులలో అనేకులు చదువురానివారు. కాని కథ తెలియనివారు కారు. పురాణ కాలక్షేపాలలో, హరికథలలో, తోలుబొమ్మలాటలలో భారత భాగవతాలను చిన్ననాటి నుంచి విన్నవారు. కృష్ణునికి ఎందరు దేవేరులో, వారిలో ఎవరి స్వభావం ఎటువంటిదో వారికి తెలుసు. నటుడు పద్యం బాగా పాడితే మరొకసారి పాడమని కోరేవారు. పాత్ర గౌరవానికి భంగం కలిగితే నిర్మొహమాటంగా నిరసన తెలిపేవారు. అందుచేత ఈ సీమలో నటుడుగా నిలదొక్కుకోవాలంటే గాత్రం, రూపం మాత్రమే చాలవు. పాత్ర పుట్టిన లోకం ప్రేక్షకుని కంటె నటునికే ఎక్కువగా తెలిసి ఉండాలి. అటువంటి కఠిన పరీక్షలో ఉత్తీర్ణుడై, పురుషుడై ఉండీ స్త్రీపాత్రలకు పర్యాయపదంగా నిలిచిన కళాకారుడు స్థానం నరసింహారావు.

నరసింహారావు 1902 సెప్టెంబరు 23న గుంటూరు జిల్లా బాపట్లలో జన్మించారు. తల్లి ఆదెమ్మ, తండ్రి హనుమంతరావు. 2022లో ఏర్పడిన కొత్త జిల్లాకు కేంద్రమైన బాపట్ల, ఆనాడు సముద్రతీరానికి సమీపంలో ఉన్న ఒక చిన్న పట్టణం. భావనారాయణస్వామి ఆలయం వల్ల భావపురి అని కూడా దానికి పేరు.

ఆయన రంగప్రవేశం అనుకోకుండా జరిగింది. 1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం ప్రదర్శించవలసి ఉండగా చంద్రమతి పాత్రధారి రాలేదు. ఆ లోటు తీర్చడానికి నరసింహారావు ఆ వేషం ధరించారు. చంద్రమతి సామాన్యమైన పాత్ర కాదు. మహారాజు పట్టమహిషి భర్త సత్యవ్రతం కోసం రాజ్యం విడిచి, పరాయి ఇంట దాసిగా అమ్ముడుపోయి, పాము కాటుకు బలియైన కుమారుని శ్మశానానికి మోసుకొని వస్తుంది. రాణిగా ఉన్ననాటి ఠీవి దాసిగా మారిన తరువాత కూడా ఎక్కడో ఒకచోట మిగిలి ఉండాలి. దుఃఖంలో సైతం దైన్యం కనిపించకూడదు. తొలి వేషమే ఇంతటి బరువైనది కావడంతో స్త్రీపాత్ర అంటే చీర, సవరం, సన్నని గొంతు మాత్రమే కాదన్న పాఠం ఆయనకు ఆరంభంలోనే ఎదురైంది.

ఆ తరువాత ఆయన తెనాలిలోని శ్రీరామ విలాస సభలో చేరారు. ఆంధ్రా పారిస్ అని పేరు పొందిన తెనాలి ఆ కాలంలో కవులకు, నటులకు, సంగీత విద్వాంసులకు నిలయం. దుర్యోధన పాత్రకు ప్రసిద్ధి చెందిన మాధవపెద్ది వెంకట్రామయ్య, వృత్తిచేత వైద్యుడైన గోవిందరాజుల సుబ్బారావు వంటి మేటి నటులు ఆ సభతో సంబంధం ఉన్నవారే. ఇటువంటి సహనటుల మధ్య నిలబడాలంటే తన మాట మాత్రమే తెలిస్తే సరిపోదు. ఎదుటి పాత్ర మనసులో ఏమున్నదో కూడా తెలియాలి. ఆ సాంగత్యంలో నరసింహారావు నటన పదునెక్కింది. స్వల్పకాలంలోనే సత్యభామ, చింతామణి, రోషనార, దేవదేవి, చిత్రాంగి, శకుంతల, మధురవాణి మొదలైన పాత్రలు ఆయన సొంతమయ్యాయి.

ఆనాటి నాటకరంగంలో స్త్రీ పాత్రలను పురుషులు ధరించడం సర్వసాధారణం. సురభి కుటుంబ నాటక సమాజాలలో స్త్రీలు నటించేవారు గాని, ఇతర సమాజాలలో కులస్త్రీలు రంగస్థలం ఎక్కడాన్ని లోకం హర్షించేది కాదు. ఈ ఆచారం మనకు మాత్రమే పరిమితం కాదు. షేక్‌స్పియర్ కాలపు ఇంగ్లండులో స్త్రీ పాత్రలను బాలురే ధరించేవారు. జపానులోని కబుకి నాటకాలలో స్త్రీపాత్రధారులైన పురుషులకు ప్రత్యేకమైన సంప్రదాయమే ఉంది. చైనాలో మెయ్ లాన్‌ఫాంగ్, మహారాష్ట్రలో బాలగంధర్వ, గుజరాతులో జయశంకర్ సుందరి ఈ విద్యలో అఖండ కీర్తి గడించారు. మన కూచిపూడి భాగవతులలో భామాకలాపం ఆడే సత్యభామ కూడా తరతరాలుగా పురుషుడే.

అయితే ఈ ఆచారాన్ని అందరూ ఆమోదించలేదు. మహానటుడు బళ్ళారి రాఘవ స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని గట్టిగా వాదించి, విద్యావంతులైన స్త్రీలను రంగస్థలానికి తీసుకువచ్చారు. ఆ వాదంలో న్యాయం ఉంది. పురుషుడు వేసే స్త్రీవేషం ఏమాత్రం అదుపు తప్పినా వెక్కిరింతగా మారుతుంది. స్త్రీజాతినే అవమానించినట్లు అవుతుంది. కనుక నరసింహారావు ముందున్న సమస్య చిన్నది కాదు. తాను వేదికపై అడుగుపెట్టిన క్షణం నుంచి ప్రేక్షకుడు పురుషుని మరచి పాత్రను మాత్రమే చూడాలి. ఒక్క నడకలో పొరపాటు దొర్లినా, ఒక్క చూపు కట్టు తప్పినా నాటకమంతా నవ్వులపాలవుతుంది. ఈ ప్రమాదం నుంచి ఆయనను కాపాడినది అనుకరణ కాదు, అవగాహన. స్త్రీలందరూ ఒకే విధంగా నడుస్తారని, ఒకే విధంగా అలుగుతారని భావించే నటుడు అనుకరణ వద్దనే ఆగిపోతాడు. ఏ స్త్రీ, ఏ ఇంట పుట్టినది, ఏ వయస్సులో, ఎవరి ముందు, ఎందుకు అలుగుతున్నదని ప్రశ్నించుకొనే నటుడు మాత్రమే పాత్రలోనికి ప్రవేశిస్తాడు.

ఆయన పాత్రలన్నింటిలో మకుటాయమానమైనది ముత్తరాజు సుబ్బారావు రచించిన 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలోని సత్యభామ. ఈ నాటక కథ అందరికీ తెలిసినదే. భర్తను తన కొంగుకు కట్టివేసుకోవాలన్న కోరికతో సత్యభామ నారదుని మాట నమ్మి వ్రతం చేసి, కృష్ణుని ఆ మునికే దానమిస్తుంది. తిరిగి పొందాలంటే కృష్ణునికి సమానమైన ధనం తూచి ఇవ్వాలి. ఆమె తన బంగారమంతా రాశిపోసినా త్రాసు కదలదు. చివరకు రుక్మిణి భక్తితో ఉంచిన ఒక్క తులసీదళానికి కృష్ణుడు తూగుతాడు.

ఈ నాటకాన్ని మాత్రమే చదివిన నటునికి సత్యభామ గర్విష్ఠి అయిన భార్యగా కనిపిస్తుంది. సత్యభామ కథాప్రపంచం మొత్తం తెలిసినవానికి ఆమె మరొక విధంగా దర్శనమిస్తుంది. ఆమె సత్రాజిత్తు కూతురు. సూర్యుడు సత్రాజిత్తుకు ప్రసాదించిన శమంతకమణి దినదినం ఎనిమిది బారువుల బంగారాన్ని ఇచ్చేదని భాగవత కథ. ఆ మణిని అపహరించాడన్న నింద కృష్ణునిపై పడింది. కృష్ణుడు అడవికి వెళ్ళి, జాంబవంతునితో పోరాడి, మణిని తెచ్చి నింద తొలగించుకొన్నాడు. పశ్చాత్తాపంతో సత్రాజిత్తు మణిని, కుమార్తెను కూడా సమర్పించగా, కృష్ణుడు కన్యను స్వీకరించి మణిని తిరిగి ఇచ్చివేశాడు.

ఈ పూర్వకథను మనసులో ఉంచుకొని తులాభార ఘట్టాన్ని పరిశీలిస్తే దాని లోతు తెలుస్తుంది. నిత్యం బంగారం పండే ఇంట పుట్టి పెరిగిన పిల్ల, బంగారంతో దేనినైనా తూచవచ్చునని నమ్మడంలో ఆశ్చర్యం లేదు. తన పుట్టింటివారు కృష్ణునిపై మోపిన నింద, మణి కంటె కన్యయే మేలని ఎంచుకొన్న భర్త ఔదార్యం ఆమె ఎరుగనివి కావు. తాను మణి కంటె విలువైనదాననన్న గర్వానికి మూలం కృష్ణుని ఆ ఎంపికలోనే ఉంది. అటువంటి స్త్రీ తన నగలన్నీ ఒలిచి త్రాసులో వేసి, త్రాసు కదలకపోవడం చూచిన క్షణంలో ఓడిపోయినది బంగారం మాత్రమే కాదు. ఆమె పుట్టి పెరిగిన ఇంటి విశ్వాసం. నాటకకర్త ఈ విషయాన్ని మాటలలో పెట్టవలసిన అవసరం లేదు. నటుని కన్నులలో అది కనిపించాలి. కథ తెలియని నటునికి ఆ చూపు రాదు.

సత్యభామ చరిత్ర అంతటితో ముగియదు. నరకాసుర యుద్ధంలో విల్లు పట్టి భర్త సరసన నిలిచిన వీరనారి ఆమె. నాచన సోమన, పోతన ఆ యుద్ధఘట్టాన్ని శృంగారవీరాలు జోడించి చిత్రించారు. నంది తిమ్మన 'పారిజాతాపహరణం'లో ఆమె అలుకను ప్రబంధానికి ప్రాణంగా చేశాడు. నారదుడు తెచ్చిన పారిజాతపుష్పాన్ని కృష్ణుడు రుక్మిణికి ఇచ్చాడని తెలిసి కోపగృహం చేరిన సత్యభామ, పాదాలపై వాలిన భర్త శిరస్సును ఎడమకాలితో తొలగించిన ఘట్టం తెలుగువారికి చిరపరిచితం. ఆ కావ్యంలో చివరకు పుణ్యకవ్రతం, నారదునికి కృష్ణుని దానమివ్వడం కూడా ఉన్నాయి. సిద్ధేంద్రయోగి భామాకలాపం ఆమె విరహాన్ని నాట్యంగా మలిచింది. కృష్ణకథను చెప్పే హరివంశాన్ని తెలుగు చేసిన ఎఱ్ఱన, అద్దంకి రాజధానిగా ఏలిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి. అనగా సత్యభామ కథ ఈ మిరప, పత్తి చేల నేలకు పరాయిది కాదు.

వీరనారి, ప్రణయిని, అభిమానవతి, అలుక చెందిన ఇల్లాలు – ఈ నాలుగు ముఖాలూ ఒకే స్త్రీవి. తులాభార నాటకంలో యుద్ధం లేదు. అయినా యుద్ధం చేసిన స్త్రీ నడక వేరు, అంతఃపురం దాటని స్త్రీ నడక వేరు. ఒకప్పుడు విల్లు ఎక్కుపెట్టిన చేయి ఇప్పుడు వయ్యారంగా కదిలినా ఆ కదలికలో ఒక ధీమా తొణికిసలాడాలి. ప్రేక్షకులు మెచ్చిన స్థానం వారి సత్యభామలో లాలిత్యంతో పాటు ఈ రాజసం ఉండేది. తరువాతి తరం నటీనటులకు సత్యభామ ఎలా ఉండాలో నిర్ణయించిన కొలబద్ద ఆయన నటనయే.

కథాలోకంపై పట్టు గల నటుడు రచయిత వదిలిన ఖాళీలను పూరించగలడు. అందుకు గొప్ప నిదర్శనం 'మీరజాలగలడా' అనే పాట. ఇది శ్రీకృష్ణ తులాభార నాటకానికి మూలరచయిత వ్రాసినది కాదు. సత్యభామ పాత్ర కోసం స్థానం నరసింహారావు స్వయంగా వ్రాసుకొన్నది. తన ఆజ్ఞను కృష్ణుడు దాటలేడన్న సత్యభామ నమ్మకం ఆ పాటకు ప్రాణం. ఆ నమ్మకంలో ప్రేమ ఎంత, గర్వం ఎంత, లోలోపల భయం ఎంత అన్నది నటుడు తేల్చవలసిన విషయం. ఆయన ఆ పల్లవిని వెంటనే ముగించేవారు కాదు. ఒకే మాటను అనేక విధాల పలుకుతూ, ఒక్కొక్క పర్యాయం ఒక్కొక్క భావాన్ని ప్రకటిస్తూ చాలాసేపు అభినయించేవారు. ఒకసారి అది అతిశయం, ఒకసారి ముద్దు, ఒకసారి సవాలు, ఒకసారి తనకు తానే చెప్పుకొనే ధైర్యం. మాట మారదు, మనసు మారుతుంది. పాత్ర ఆంతర్యం తెలియని నటుడు ఇటువంటి ప్రయత్నం చేస్తే రెండవ పర్యాయానికే ప్రేక్షకుడు విసుగు చెందుతాడు.

ఒక పాత్రలో రాణించడం ఒక ఎత్తు. సమీపంగా ఉండే పాత్రలను వేరు వేరుగా చూపడం మరొక ఎత్తు. స్థానం వారు ధరించిన ప్రసిద్ధ పాత్రలలో ముగ్గురు వేశ్యలు ఉన్నారు. దేవదేవి, చింతామణి, మధురవాణి. వృత్తి ఒక్కటే అయినా వీరి లోకాలు వేరు. శ్రీరంగనాథునికి పూలమాలలు అర్పిస్తూ విరాగియై జీవించే విప్రనారాయణుని వశపరచుకొంటానని పంతం పట్టినది దేవదేవి. ఆమె లోకం శ్రీవైష్ణవ భక్తుల లోకం. ఆమె కపటంగా ధరించిన భక్తి చివరకు నిజమైన భక్తిగా పరిణమిస్తుంది. కాళ్ళకూరి నారాయణరావు సృష్టించిన చింతామణి సంఘసంస్కరణ దృష్టితో వ్రాసిన నాటకంలోని నాయిక. ఆమె లోకంలో వేశ్యాలోలత్వం వల్ల సంసారాలు కూలిపోతున్న గృహస్థులు ఉన్నారు. అంతరంగంలో కృష్ణభక్తి, జీవితంపై ఏవగింపు ఉన్నాయి.

గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లోని మధురవాణి ఈ ఇద్దరికీ భిన్నమైనది. 1892లో తొలిసారి ప్రదర్శితమై, 1897లో అచ్చయి, 1909లో విస్తృతంగా మార్పులు పొందిన ఈ నాటకం పురాణలోకానిది కాదు; విజయనగరం, రామచంద్రపురం అగ్రహారం, విశాఖపట్నాల నడుమ నడిచే నిన్నమొన్నటి సమాజానిది. ఆ సమాజంలో పసిపిల్లలను ముసలివారికి అమ్ముకొనే తండ్రులున్నారు, కోర్టు వ్యవహారాలతో బ్రతికే పంతుళ్ళున్నారు, సంస్కరణ పేరు చెప్పి మోసగించే గిరీశాలున్నారు. వీరందరి బలహీనతలూ ఎరిగి, అందరినీ ఆడిస్తూ, చివరకు ధర్మం వైపు నిలబడే చతుర మధురవాణి. విజయనగరం పలుకుబడి, ఆనాటి వ్యవహారాలు తెలియనివారికి ఆమె చమత్కారం అందదు. మరొక విశేషమేమంటే నాటకాంతంలో మధురవాణి పురుషవేషం ధరించి సౌజన్యారావు వద్దకు వెళ్తుంది. అంటే స్త్రీపాత్ర ధరించిన పురుషుడు, ఆ స్త్రీ పురుషవేషం వేస్తే ఎలా ఉంటుందో చూపించాలి. అక్కడ నటుడు తన సహజమైన పురుషత్వానికి తిరిగి వెళ్ళరాదు. పురుషుని వలె నటిస్తున్న స్త్రీగానే ఉండాలి. వేషం లోపల వేషం, ఆ వేషం లోపల మరొక వేషం. ఇంతటి చిక్కుముడిని విప్పడానికి పాత్ర గురించిన సంపూర్ణ జ్ఞానం తప్ప వేరు ఆధారం లేదు.

ఇక చిత్రాంగి లోకం వేరు. వృద్ధుడైన రాజరాజనరేంద్రునికి భార్యయై, సవతికొడుకు సారంగధరుని మోహించి, తిరస్కారం పొంది, అతని ఘోరశిక్షకు కారకురాలైన యువతి ఆమె. కేవలం దుష్టురాలిగా చూపితే కథ సన్నగిల్లుతుంది. ఈడుజోడు లేని వివాహానికి బలియైన స్త్రీ వేదన కూడా కనిపించినప్పుడే ఆమె పతనం ప్రేక్షకుని కలవరపెడుతుంది. రోషనార మొగలు అంతఃపురానికి చెందిన రాజకుమారి. శకుంతల కణ్వాశ్రమంలో లేళ్ళతో, లతలతో పెరిగిన ముగ్ధ. ఒక రాత్రి మొగలు దర్బారు మర్యాదలు, మరొక రాత్రి ఆశ్రమ వాతావరణం, ఇంకొక రాత్రి ద్వారకలోని అంతఃపురం – ఇలా లోకం నుంచి లోకానికి ప్రయాణించడం ఆయన నిత్యకృత్యమైంది.

మన ఆలంకారికులు అభినయాన్ని ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం అని నాలుగు విధాలుగా విభజించారు. ఆహార్యం అంటే వేషభూషలు. స్థానం వారు దీనిని కూడా పాత్ర స్వభావానికి అంగంగానే భావించారు. చీర కట్టు, కేశాలంకరణ, నగల ఎంపిక పాత్రను బట్టి మారేవి. శకుంతలకు తగినది సత్యభామకు తగదు. దేవదేవి అలంకారం వేరు, ఆమె మనసు మారిన తరువాత అలంకారం వేరు. పాత్ర ధరించిన నగ వెనుక కూడా ఒక కథ ఉంటుందని గ్రహించిన నటుడు దానిని ఊరక తగిలించుకోడు. తులాభారంలో ఒక్కొక్క నగనూ ఒలిచి త్రాసులో వేసే సత్యభామకు ఆ నగలు ఎంత ప్రియమైనవో ప్రేక్షకునికి ముందే తెలిసి ఉండాలి. అప్పుడే ఆ ఘట్టం పండుతుంది.

ఇక్కడ విద్యార్థులు ఒక సందేహం వెలిబుచ్చవచ్చు. ఇంత పాండిత్యం నటునికి బరువు కాదా? పుస్తకాలలో చదివినదంతా వేదికపై ప్రదర్శించబోతే నటన ఉపన్యాసంగా మారదా? తప్పక మారుతుంది. తెలిసినదంతా చెప్పడం పాండిత్య ప్రదర్శన. తెలిసినది దాచి, అది చూపులో, మౌనంలో, ఒక అడుగు వెనుకకు వేయడంలో వ్యక్తమయ్యేట్లు చేయడం కళ. శమంతకమణి కథను తులాభారం మధ్యలో సత్యభామ వల్లించనక్కరలేదు. ఆ కథ తెలిసిన నటుడు బంగారాన్ని పట్టుకొనే తీరులోనే అది ధ్వనిస్తుంది. నేల లోపలి వేరు కనిపించకపోయినా చెట్టు నిలబడేది దాని వల్లనే.

అంతేకాదు, జ్ఞానం నటునికి స్వేచ్ఛను కూడా ఇస్తుంది. ఎదుటి నటుడు మాట మరచిపోవచ్చు. ప్రేక్షకులు కోరితే ఒక పద్యం మరల పాడవలసి రావచ్చు. హార్మోనియం వాద్యకుడు ఊహించని మలుపు తిప్పవచ్చు. కంఠస్థం చేసిన మాటలు మాత్రమే తెలిసినవాడు అటువంటి సమయంలో తడబడతాడు. ఈ సందర్భంలో సత్యభామ అయితే ఏమి చేస్తుందో తెలిసినవాడు అప్పటికప్పుడు తగిన మాట, తగిన చూపు సృష్టించి నాటకాన్ని ముందుకు నడుపుతాడు.

ఈ సూత్రం నాటకానికే పరిమితం కాదు. 1974లో అమెరికాలో 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' అనే ఆట వెలువడిన నాటి నుంచి, మిత్రులు ఒక బల్ల చుట్టూ చేరి, పాచికలు వేస్తూ, కల్పిత లోకంలో ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్ర వహించి కథను నడిపే ఆటలు ప్రపంచమంతటా ప్రచారం పొందాయి. వాటిలో ముందుగా వ్రాసిన సంభాషణలు ఉండవు. ఆ లోకపు చరిత్ర, రాజ్యాలు, దైవాలు, శత్రుత్వాలు తెలిసిన ఆటగాడు తన పాత్రకు తగిన నిర్ణయం తీసుకొంటాడు. తెలియనివాడు పాచికల సంఖ్యనే నమ్ముకొంటాడు. అయితే తెలిసినవాడు తన జ్ఞానంతో తోటివారి నోరు మూయించరాదు. వారి కథకు చోటివ్వాలి. వేదికపై సహనటునికి చోటిచ్చే నటుని ధర్మమూ ఇదే.

స్థానం వారి కీర్తి ఆంధ్రదేశపు ఎల్లలు దాటింది. ఆనాడు వేలాది తెలుగువారు నివసించిన బర్మాలోని రంగూన్ నగరంలో 1938లో ఆయనకు బంగారు కిరీటం బహూకరించి సత్కరించారు. 1939లో 'రాధాకృష్ణ', ఆ తరువాత 'సత్యభామ' చలనచిత్రాలలో నటించినా ఆయన అసలు స్థానం రంగస్థలమే. 1956లో భారత ప్రభుత్వం పద్మశ్రీ పురస్కారంతో గౌరవించింది. కొంతకాలం హైదరాబాదు ఆకాశవాణి కేంద్రంలో నాటక విభాగంలో పనిచేసి, రూపం కనిపించని మాధ్యమంలో వాచికానికి గల శక్తిని చాటారు. తన నటజీవిత అనుభవాలను 'నటస్థానం' అనే గ్రంథంగా వెలువరించారు. పాత్రను ఎలా అర్థం చేసుకోవాలో తెలుసుకోగోరే నటునికి ఒక నటుడే రచించిన గ్రంథం దొరకడం మన నాటకరంగ అదృష్టం.

కాలం మారింది. స్త్రీలు రంగస్థలంపై తమ స్థానాన్ని తాము పొందారు. అది జరగవలసిన మార్పే. అయితే పురుషులు ధరించిన ఆనాటి స్త్రీపాత్రల కాలాన్ని వింతగా చూచి విడిచిపెట్టడం న్యాయం కాదు. స్త్రీ మనసును పరిహాసం చేయక, గౌరవంతో అధ్యయనం చేసి చూపిన నటుడు ఆ కాలంలో ఉన్నాడని గుర్తుంచుకోవాలి. 1966లో వచ్చిన 'శ్రీకృష్ణ తులాభారం' చలనచిత్రంలో సత్యభామగా జమున నటించగా, ఆయన వ్రాసిన 'మీరజాలగలడా' పాటను పి. సుశీల పాడారు. పురుషుడు స్త్రీ కోసం ఊహించి వ్రాసిన ఆ పాట ఒక గాయని గొంతులో, ఒక నటీమణి అభినయంలో ఇమిడిపోయింది. ఎక్కడా అతుకు కనిపించలేదు. ఆయన అవగాహన ఎంత సత్యమైనదో చెప్పడానికి ఇంతకంటె సాక్ష్యం అక్కరలేదు.

స్థానం నరసింహారావు 1971 ఫిబ్రవరి 21న పరమపదించారు. ఆయన సత్యభామను కన్నులారా చూచినవారు నేడు బహు కొద్దిమంది. కాని తెలుగునాట ఏ వేదికపైనైనా సత్యభామ తలెత్తి, జడ ముందుకు వేసుకొని నిలిచినప్పుడు ఆ నిలుకడలో బాపట్ల నటుని నీడ కనిపిస్తూనే ఉంటుంది. ఏ పాత్ర ధరించదలచినా ముందుగా ఆ పాత్ర పుట్టిన ఇంటి గడప తొక్కి, అక్కడి మనుష్యులను, కథలను ఎరిగి రావాలన్నది ఆయన జీవితం మనకు అందించే సందేశం.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు

1. కథాలోకం గురించిన లోతైన జ్ఞానం పాత్రపోషణకు ఎలా తోడ్పడుతుందో స్థానం నరసింహారావు సత్యభామ పాత్ర ఆధారంగా వివరించండి.
2. దేవదేవి, చింతామణి, మధురవాణి పాత్రల మధ్య గల భేదాలను విశదీకరించండి.

సంగ్రహ సమాధాన ప్రశ్నలు

1. స్థానం నరసింహారావు రంగప్రవేశం ఎలా జరిగింది?
2. శమంతకమణి వృత్తాంతానికి, తులాభార ఘట్టానికి గల సంబంధం ఏమిటి?
3. మధురవాణి పురుషవేషం నటునికి ఎందుకు కఠిన పరీక్ష అవుతుంది?
4. పాండిత్య ప్రదర్శనకు, కళకు గల తేడాను పాఠం ఆధారంగా తెలపండి.

ఏకవాక్య సమాధాన ప్రశ్నలు

1. స్థానం నరసింహారావు జన్మస్థలం ఏది?
2. 'శ్రీకృష్ణ తులాభారం' నాటకకర్త ఎవరు?
3. స్త్రీ పాత్రలను స్త్రీలే ధరించాలని వాదించిన నటుడు ఎవరు?
4. స్థానం వారికి పద్మశ్రీ పురస్కారం ఏ సంవత్సరంలో లభించింది?